గోల్స్ పట్టికలో పెనాల్టీలను వేరుగా చూపండి

సంపాదకులకు నమస్కారం.

ఫుట్‌బాల్ ప్రపంచకప్ వచ్చినప్పుడల్లా తెలుగు పత్రికల క్రీడా పేజీల్లో అత్యధిక గోల్స్ వీరుల పట్టిక వేస్తారు. పేరు, దేశం, గోల్స్ సంఖ్య తప్ప అందులో సాధారణంగా మరేమీ ఉండదు. మా నల్లగొండలో సాయంత్రం పూట మైదానానికి వచ్చే కుర్రాళ్లు ఆ అంకె పట్టుకొనే ఎవరు గొప్పని వాదించుకుంటారు.

2022 ఖతార్ టోర్నీలో ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపె 8 గోల్స్‌తో, అత్యధిక గోల్స్‌కు ఇచ్చే గోల్డెన్ బూట్ అందుకోగా, అర్జెంటీనా ఆటగాడు మెస్సి 7 గోల్స్‌తో రెండో స్థానంలో నిలిచాడు. మెస్సి గోల్స్‌లో 4, ఎంబాపె గోల్స్‌లో 2 పెనాల్టీలు, అంటే ప్రత్యర్థి తప్పిదానికి శిక్షగా, గోల్‌కీపర్ ఒక్కడే ఎదురుండగా కొట్టినవి. ఇంతవరకే చెబితే ఎంబాపెదే పైచేయి అనిపిస్తుంది గానీ, పెనాల్టీని చులకన చేయడానికీ లేదు. ఎందుకంటే అతడు ఆ రెండింటినీ ఫైనల్లోనే, జట్టు వెనుకబడి ఉన్నప్పుడే కొట్టాడు. 80వ నిమిషంలో ఒకటి, 118వ నిమిషంలో మరొకటి, నడుమ 81వ నిమిషంలో గాలిలో ఉన్న బంతిని తన్ని సాధించిన గోల్ కలిసి, 1966లో ఇంగ్లండ్ ఆటగాడు జెఫ్ హర్స్ట్ తర్వాత పురుషుల ఫైనల్లో హ్యాట్రిక్ చేసిన ఆటగాడయ్యాడు. అదే మ్యాచ్ చివరి క్షణాల్లో ఫ్రాన్స్ ఆటగాడు కోలో మువానీ కొట్టిన బంతిని అర్జెంటీనా గోల్‌కీపర్ ఎమిలియానో మార్టినెజ్ కాలు చాచి ఆపకపోతే కప్పు ఫ్రాన్స్‌కే దక్కేది. అయినా ఏ పట్టికలోనూ దానికి చోటు లేదు.

1994లో రష్యా ఆటగాడు సలెంకో 6 గోల్స్‌తో బల్గేరియా ఆటగాడు స్టోయిచ్‌కోవ్‌తో కలిసి అగ్రస్థానం పంచుకున్నాడు. అందులో 5 కామెరూన్‌పై ఒక్క మ్యాచ్‌లోనే వచ్చాయి. రష్యా మాత్రం గ్రూప్ దశ దాటలేదు.

మనవాడు నెవిల్ డిసౌజా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో 4 గోల్స్‌తో అగ్రస్థానాన్ని పంచుకున్నాడు. వాటిలో మూడు, ఆతిథ్య ఆస్ట్రేలియాను మనం 4-2తో ఓడించిన మ్యాచ్‌లోనివి. నాలుగోది సెమీఫైనల్లో యుగోస్లావియాపై మనల్ని ముందు నిలిపిన గోల్, ఆ తర్వాత 4-1తో ఓడినా సరే. ఆ జట్టుకు శిక్షణ ఇచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ వారు.

కాబట్టి పట్టికలో పెనాల్టీలు, ప్రత్యర్థి, నిమిషం అనే మూడు గడులు చేర్చవలసిందిగా కోరుతున్నాను. చోటు చాలదంటే, పక్కన వేసే తారల ఫొటోను కాస్త తగ్గించినా పాఠకులు ఏమీ అనుకోరు.

– ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, నల్లగొండ