నీళ్లొక్కటే తాగి 50 కిలోమీటర్లు పరుగెత్తలేం

సంపాదకుడికి,

దసరా వెళ్లి పొద్దులు చల్లబడితే ప్రకాశం బ్యారేజీ మీద, ఉండవల్లి కరకట్ట మీద తెల్లవారుజామున పరుగెత్తేవాళ్లు పెరుగుతారు. మారథాన్ 42.195 కిలోమీటర్లు దాటి 50 కిలోమీటర్ల అల్ట్రాకు సిద్ధమయ్యేవాళ్లూ వాళ్లలో ఉంటున్నారు. సంతోషమే. కానీ చాలామందికి ఆదివారం లాంగ్ రన్ అంటే వాచీలో కిలోమీటర్లు పోగేసుకోవడమే అయిపోయింది. ఆ మూడు నాలుగు గంటల్లో అసలు పరీక్ష పెట్టాల్సింది పొట్టకి, ఒంట్లో ఉప్పుకి, పాదాలకి.

ముందు చెమట సంగతి. తెల్లవారుజామున 4 గంటలకు వేడి తక్కువే, కానీ గాలిలో తేమ ఎక్కువగా ఉండేదీ అప్పుడే. ఏటి పక్కన మరీను. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. బొట్లుబొట్లుగా కారిపోయిన చెమటతో చలవ రాదు, ఉప్పు మాత్రం పోతుంది. పరుగు అయ్యాక నల్ల టీషర్టు ఆరేస్తే వీపు మీద తెల్లటి చారలు తేలతాయి చూడండి, అదంతా ఒంట్లోంచి పోయిన ఉప్పే.

ఎవరికెంత చెమట పోతుందో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. గంట పరుగుకు ముందు ఒకసారి, తర్వాత తడి బట్టలు విప్పి ఒళ్లు తుడుచుకుని ఇంకోసారి బరువు చూసుకోవాలి. 62 కిలోలున్న మనిషి 61.2కి దిగి, మధ్యలో 400 మిల్లీలీటర్లు తాగి ఉంటే గంటకు పోయింది 1.2 లీటర్లు. ఈ లెక్క నవంబరులో ఒకటి, ఫిబ్రవరి చివర్లో ఇంకొకటి వస్తుంది కాబట్టి రెండుసార్లూ చూసుకోవాలి. పోయిందంతా తాగి పూడ్చాలనుకోవద్దు. పరుగు ముగిసేసరికి బరువు కొంచెం తగ్గి ఉండడమే సరైనది. పెరిగిందంటే ఎక్కువ తాగినట్టే.

ఎక్కువ తాగితే ఏమవుతుందని అడుగుతారు. గంటల తరబడి వట్టి నీళ్లే తాగితే రక్తంలో సోడియం (ఉప్పులో ఉండేదే) పలచబడుతుంది. లీటరుకు 135 మిల్లీమోల్స్ కంటే దిగితే తలనొప్పి, వికారం, తికమక మొదలుకావచ్చు. వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకుపోతుంది. ఇంకా దిగితే ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదకు వస్తుంది. చూసేవాళ్లకు ఇది దాహంతో సొమ్మసిల్లినట్టే కనిపిస్తుంది, పాపం ఇంకో సీసా నీళ్లు తాగిస్తారు. ఈ తప్పు గురించే ఈ ఉత్తరం.

మందు షాపులో దొరికే డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్ చాలు. లీటరు నీళ్లకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్ అందులో ఉంటాయి. లీటరు ప్యాకెట్‌ను అర లీటరు సీసాలో కుమ్మరించడమే మనవాళ్లు చేసే పొరపాటు. చిక్కబడ్డ ఆ ద్రవం కడుపులో నిలిచిపోయి వాంతి వస్తుంది. కొబ్బరి బొండం మంచిదే, కానీ అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. దానికంటే ఉప్పేసిన పలచటి మజ్జిగ మేలు, పాలు పడని వాళ్లకు తప్ప.

తిండి లెక్క కూడా కష్టమేమీ కాదు. కిలో బరువుకు కిలోమీటరుకు సుమారు ఒక క్యాలరీ ఖర్చవుతుంది. అంటే 60 కిలోల మనిషికి 50 కిలోమీటర్లకు 3,000. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే చక్కెర, అంటే గ్లైకోజెన్ ఇచ్చేది సుమారు 2,000. కొవ్వు కొంత ఆదుకున్నా, ఏమీ తినకుండా వెళితే 30 కిలోమీటర్లు దాటాక కాళ్లు కదలవు. గంటకు 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్లు పడాలి. ఒక అరటిపండులో సుమారు 25 గ్రాములుంటాయి. ఉప్పు చల్లిన ఉడికిన ఆలుగడ్డ, బెల్లం ముక్క, చిన్న ముద్దలుగా కట్టుకున్న పులిహోర, ఏది పడుతుందో లాంగ్ రన్‌లోనే తెలుసుకోవాలి. పల్లీ చిక్కీలో నూనె ఎక్కువ కాబట్టి మెల్లగా అరుగుతుంది. ఆకలేసేదాకా ఆగకుండా మొదటి 40 నిమిషాల నుంచే కొంచెం కొంచెం తినాలి.

పాదాల విషయంలో ఒక్క మాట. వేడికి తాళలేక నెత్తిన నీళ్లు కుమ్మరించుకుంటే అవి జారి బూట్లలోకి దిగుతాయి, తడిసిన నూలు సాక్సులు ఒరుసుకుని గంటలో బొబ్బలు లేస్తాయి. తల ముందుకు వంచి మెడ మీద పోసుకోవాలి. సింథటిక్ సాక్సులు, అర సైజు పెద్ద బూట్లు, తొడల మధ్య వాసెలిన్ ఉంటే సగం బాధ తప్పుతుంది.

దూరం పెంచడంలో తొందర వద్దు. 50 కిలోమీటర్లకు ఒకే రోజు 35 నుంచి 38 దాకా వెళితే చాలు, అదీ పోటీకి మూడు వారాల ముందే. దానికంటే శనివారం 25, ఆదివారం 18 పరుగెత్తితే అలసిన కాళ్లతో నడిచే అలవాటు వస్తుంది. ప్రతి నాలుగో వారం మూడో వంతు తగ్గించాలి. ఎత్తు కావాలంటే గుంటూరు వైపు వాళ్లకు కొండవీడు ఘాట్ రోడ్డు ఉంది. దిగేటప్పుడు తొడలు దెబ్బతింటాయి కాబట్టి దిగడం కూడా సాధన చేయాలి. నొప్పికి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మింగి పరుగెత్తడం మాత్రం మానండి. నీరు తగ్గిన ఒంట్లో అవి మూత్రపిండాలకు అందే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి.

పోటీలు పెట్టేవారికి మనవి: ప్రతి నీళ్ల టేబుల్ మీద నీళ్లు, అరటిపళ్లతోపాటు కొలత ప్రకారం కలిపిన ఓఆర్‌ఎస్, ఉప్పు, బరువు తూచే యంత్రం పెట్టండి. వలంటీర్లకు ఒక్క గంట శిక్షణ ఇవ్వండి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అక్కడికక్కడే ఐసు, నీళ్లతో చల్లబరచడం మొదలుపెట్టి 108కి ఫోన్ చేయాలి. ఒళ్లు కాలకుండా తికమకపడుతూ, వేళ్లు ఉబ్బి ఉంటే నీళ్లు తాగించకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. నగరపాలక సంస్థ బ్యారేజీ నుంచి ఘాట్ల వెంట మంచినీటి కొళాయిలు తెల్లవారుజామున 4 గంటలకే తెరిపిస్తే సీసాలు మోసుకునే బాధ తప్పుతుంది.

— ఒక పాఠకుడు, సీతానగరం