కృత్రిమ కీలు వివరాలు రోగి చేతికి ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

మోకీలు మార్పిడి చేయించుకున్న మా అమ్మగారికి రెండేళ్లకే మళ్లీ నొప్పి మొదలైతే, గుంటూరులో మరో డాక్టరు గారికి చూపించాం. లోపల అమర్చిన కీలు ఏ కంపెనీది, ఏ సైజుది అన్నది ఆయన అడిగిన మొదటి ప్రశ్న. బిల్లులు, ఎక్స్‌రేలు, మందుల చీటీలు అన్నీ దాచుకున్న మా సంచిలో, కీలు పెట్టెతోపాటు వచ్చే, ఆ వివరాలుండే చిన్న స్టిక్కరు మాత్రం లేదు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలోనూ పాత ఫైలు దొరకలేదు.

తుంటి కీలు మార్పిడికి నేటి రూపమిచ్చిన ఇంగ్లండు సర్జన్ జాన్ చార్న్‌లీ, తొడ ఎముక తల తిరిగే చోట మొదట అమర్చిన టెఫ్లాన్ అనే ప్లాస్టిక్ గిన్నెలు కొన్నేళ్లకే అరిగిపోతే ఆ సంగతి దాచిపెట్టలేదు. ఆ రోగులకు తానే మళ్లీ ఆపరేషన్లు చేసి, 1962 నుంచి పాలిథిలీన్ అనే మరో ప్లాస్టిక్ వాడారు. చనిపోయాక ఆ కీలును పరీక్షకు ఇవ్వమని రోగులను ముందే కోరేవారు. అంతటి పట్టుదల అది! ఏ కీలు ఎన్నేళ్లు నిలిచిందో తెలుసుకోవడానికి స్వీడన్ 1975లో మోకీళ్లకు, 1979లో తుంటి కీళ్లకు జాతీయ రిజిస్ట్రీలు (నమోదు పట్టికలు) మొదలుపెట్టింది.

మన కేంద్ర ప్రభుత్వం 2017లో మోకీలు ఇంప్లాంట్లకు (లోపల అమర్చే కృత్రిమ కీళ్లకు) గరిష్ఠ ధర నిర్ణయించి మాలాంటి కుటుంబాలకు ఎంతో మేలు చేసింది. అదే చొరవతో, డిశ్చార్జి కాగితంపై ఇంప్లాంటు స్టిక్కరు అంటించడాన్ని ప్రతి ఆసుపత్రికీ తప్పనిసరి చేయాలని, ఆ వివరాలను రాష్ట్ర స్థాయిలో నమోదు చేయించాలని వైద్యారోగ్య శాఖను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, మొగల్రాజపురం, విజయవాడ