వెక్టార్ టీకా వేశాక లసోటా మానొద్దు

సంపాదకులకు,

కోళ్లకొచ్చే కొక్కెర తెగులుకు (రాణిఖేత్) వచ్చిన వెక్టార్ టీకా, అంటే మరో వైరస్‌ను వాహనంగా వాడే టీకా, పనిచేయడం లేదని చిట్యాల నుంచి షాద్‌నగర్ దాకా కోళ్ల రైతులు అంటున్నారు. టీకా వల్లే తెగులొచ్చిందనే వాళ్లూ ఉన్నారు. అది జరగని పని. ఇందులో ఉండేది టర్కీ కోళ్ల హెర్పిస్ వైరస్. మన కోళ్లకు ఏ జబ్బూ చేయదు, మారెక్స్ (కోళ్లలో గడ్డలు, పక్షవాతం తెచ్చే జబ్బు) టీకాగా ఏళ్ల తరబడి వాడుతున్నదే. దాని జన్యుపదార్థంలోకి కొక్కెర తెగులు వైరస్ పైపొరలోని ఎఫ్ ప్రొటీన్ జన్యువును మాత్రం జొప్పిస్తారు. వైరస్ చేరిన కణాలు ఆ ప్రొటీన్‌ను తయారుచేసి తమ పైపొర మీదికి తెస్తాయి, కోడిపిల్ల ఒంట్లో రక్షణ దాన్ని చూసే పుడుతుంది. వైరస్ కణం నుంచి కణానికి నేరుగా పాకుతుంది కాబట్టి తల్లి కోడి నుంచి పిల్లకొచ్చిన యాంటీబాడీలు పెద్దగా అడ్డుకోవు. ఒకరోజు పిల్లకే వేయగలగడం అందువల్లనే.

చిక్కల్లా రక్షణ పూర్తిగా రావడానికి మూడు నాలుగు వారాలు పట్టడం. ఇంజెక్షన్ అయింది కదా అని 5-7 రోజుల వయసులో వేసే లసోటా (కొక్కెర తెగులుకే వేసే మామూలు టీకా) చుక్కలు ఎగ్గొడితే మధ్యలో తెగులుకు దారి వదిలినట్టే.

రెండో చిక్కు హ్యాచరీలో (పిల్లల్ని పొదిగించే చోట). ఈ టీకా అంటే వైరస్ ఉన్న బతికున్న కణాలు, మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్‌లో ఉండాలి. తలకిందులుగా నిల్వ చేసిన ఆంపూల్‌లో (చిన్న గాజు సీసాలో) మందు మొన దగ్గర గడ్డకట్టి ఉంటే మధ్యలో ఒకసారి కరిగిందని అర్థం, పారేయాలి. 27 డిగ్రీల నీళ్లలో నిమిషం, నిమిషంన్నరలో కరిగించి, 18 గేజి సూదితో మెల్లగా తీసి డైల్యూయెంట్‌లో (పలుచన చేసే ద్రావణంలో) కలపాలి. గట్టిగా ఊపితే కణాలు పగులుతాయి. సిరంజిలో స్పిరిట్ తడి మిగిలినా అంతే. వెయ్యి డోసులకు 200 మి.లీ., పిల్లకు 0.2 మి.లీ. మెడ చర్మం కింద. కలిపిన సీసాను గంటలో, మహా అయితే రెండు గంటల్లో వాడేయాలి. నల్లగొండ ఎండల్లో ఆ కాస్త సేపూ చల్లటి చోటే ఉండాలి. వెయ్యి డోసుల మందును పదిహేను వందల పిల్లలకు సాగదీసి, ఆనక టీకాను తిట్టడం న్యాయం కాదు.

గంబోరో (పిల్లల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే మరో వైరస్ జబ్బు) వెక్టార్ టీకా, కొక్కెర వెక్టార్ టీకా విడివిడిగా కొని రెండూ ఒకే పిల్లకు వేయకూడదు. రెండింటి వాహనం ఒకే వైరస్ అయితే ఒకదాన్నొకటి ఎదగనివ్వవు. రెండు జన్యువులూ ఒకే వైరస్‌లో పెట్టి తయారుచేసిన టీకా వేరు, దానికి ఈ బెడద లేదు.

కోడిపిల్లల బిల్లు మీద ఏ టీకా వేశారో, బ్యాచ్ నంబరు, కలిపిన సమయం రాసివ్వాలని పశుసంవర్ధక శాఖ హ్యాచరీలను ఆదేశించాలి. అప్పటిదాకా రైతులే అడిగి రాయించుకోవాలి.

– ఒక పశువైద్యుడు, నల్లగొండ