కొరింథువాళ్ళకు ఏం తక్కువైంది?

అమ్మలూ,

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట గురించే మీ అమ్మా నేనూ మాట్లాడుకుంటున్నాం. యూత్ క్యాంపులో ఏడ్చి ప్రార్థించినట్టు ఇప్పుడు రావట్లేదనీ, మోకాళ్ళ మీద ఉన్నా ఆఫీసు టెన్షనే తలలో తిరుగుతోందనీ, ఆత్మీయంగా వెనక్కి పోతున్నానేమోననీ అన్నావు.

నాకలా అనిపించలేదు. బైబిల్లో పౌలు పత్రికలు రాసిన కొరింథు సంఘాన్ని చూడు. వాళ్ళకు ఏ కృపావరంలోనూ లోటు లేదని మొదటి పత్రిక మొదట్లోనే పౌలు రాశాడు. భాషలు, ప్రవచనాలు, జ్ఞానం అన్నీ ఉన్నాయి. మూడో అధ్యాయానికి వచ్చేసరికి వాళ్ళనే పసిపిల్లలన్నాడు, ఇంకా పాలు తాగే వయసేనన్నాడు. కన్నీళ్ళు తగ్గాయని కాదు. వాళ్ళలో అసూయ, కలహం ఉన్నాయని. ఒకడు పౌలు మనిషి, ఇంకొకడు అపొల్లో అనే బోధకుడి మనిషి. (పాత పాస్టరుగారి వర్గం, కొత్త పాస్టరుగారి వర్గం మనకూ తెలియనివి కావు!) ప్రభువు బల్ల కోసం కూడినప్పుడు కూడా ఉన్నవాళ్ళు ముందే తినేస్తే, లేనివాళ్ళు ఆకలితో చూస్తూ కూర్చున్నారు. అన్ని వరాలూ ఉన్న సంఘం అది.

1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి మనవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. నాకు మాత్రం దానికి ముందు జరిగిందే ఎక్కువ నచ్చుతుంది. కరువు సాయం అందుతున్నన్నాళ్ళూ అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ దొర బాప్తిస్మాలు ఆపేశాడు, జనం తిండి కోసం రాకూడదని. నీకు ఇప్పుడు ప్రార్థనలో ఏ ఆనందమూ దొరకట్లేదు. అయినా రోజూ మోకరిస్తున్నావు. దీన్ని వెనక్కి పోవడం అని ఎలా అనమంటావు?

అదే ఫోన్‌లో ఇంకోటి తేలిగ్గా చెప్పి వదిలేశావు. రిపోర్టులో పొరపాటును జూనియర్ మీదికి నెట్టేయమని టీమ్ లీడ్ అంటే, నాదేనని ఒప్పుకున్నానన్నావు. మేలు కీడులు గుర్తుపట్టడం ఎదిగినవాళ్ళకు అభ్యాసంతో వస్తుందని హెబ్రీ పత్రిక ఐదో అధ్యాయంలో ఉంది, చదువు.

నా దిగులల్లా నీ ప్రార్థన గురించి కాదు, తమ్ముడి గురించి. ఉగాదికి మాటామాటా అనుకున్నప్పటి నుంచి మీ ఇద్దరికీ మాటల్లేవు. తప్పు ఎక్కువ వాడిదే, ఒప్పుకుంటాను. క్రిస్మస్‌కి నువ్వొచ్చేదాకా ఆగకు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక నువ్వే వాడికి ఫోన్ చెయ్యి. మేం చెప్పామని మాత్రం అనకు.

నాన్న