వార్షిక నివేదిక: నది ఒడ్డు పాత రైల్వే కట్టపై పచ్చబాట

సభ్యులందరికీ నమస్కారం. మొక్కలు ఎప్పుడు నాటుతారని ఏడాది పొడవునా అడుగుతూ వచ్చారు. ఈ ఏడాది పనీ డబ్బూ చాలావరకు మట్టిలోకి, నీటి దారుల్లోకి పోయాయి. పోవాల్సిందీ అక్కడికే.

రైళ్లు ఆగిపోయిన నేల పైకి ఎంత పచ్చగా ఉన్నా లోపలి సంగతి వేరు. కలుపు మొలవకుండా ఏళ్ల తరబడి చల్లిన మందుల్లోని ఆర్సెనిక్, పట్టాల కింది చెక్క స్లీపర్లకు పుచ్చకుండా పట్టించిన క్రియోసోట్ అనే తారు నూనె, ఇంజన్లు నిలిపిన చోట కారిన డీజిల్ అక్కడే మిగిలిపోతాయి. అందుకే ప్రతి గుంతలో రెండేసి నమూనాలు తీయించాం: పై 15 సెం.మీ.లో ఒకటి, 60–90 సెం.మీ. మధ్య ఒకటి. రైళ్లు నిలిపే పక్క పట్టాల (సైడింగుల) దగ్గర గుంతలు మరింత దగ్గరగా వేయించాం. ఖర్చు కలిసొస్తుందని నమూనాలన్నీ కలిపి ఒకే పరీక్ష చేయిస్తే, విషమున్న జాగా సగటులో కలిసిపోయి కనబడదు.

పట్టాల కింద పరిచిన కంకరలో రాయి కంటే రాళ్ల సందుల్లో పేరుకున్న నల్లటి పొడితోనే అసలు చిక్కు. జల్లెడ పట్టించి, రాయిని కడిగించి, పొడిని విడిగా పరీక్షకు పంపాం. కడిగిన నీళ్లు నదిలోకి పోకుండా తొట్టిలో తేర్చాం.

ఊరి వైపు, నీరు దిగే బట్టలాంటి రంగు జియోటెక్స్‌టైల్ పరిచి, దానిమీద 60 సెం.మీ. మంచి మట్టి పోయించాం. రేపెవరైనా తవ్వితే ఆ రంగు కనబడగానే, కింద చెడ్డ మట్టి ఉందని తెలిసి ఆగాలి. నది వైపు వాలుకు ఈ పద్ధతి పనికిరాదు. గట్టి వరద వస్తే పైమట్టి కోసుకుపోయి కిందిది నీళ్లలో కలుస్తుంది. ఎంత ఖర్చయినా అక్కడ చెడ్డ మట్టిని తవ్వి తీసేయాల్సిందే. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరం నది పక్కనున్న పాత రైల్వే స్థలం టేలర్ యార్డ్‌లో సుమారు 42 ఎకరాలను 2017లో కొన్నా పార్కు పని అంత త్వరగా తెమలలేదు. నేల కాలుష్యం అందుకు ఒక ముఖ్య కారణం.

పాత స్లీపర్లతో బెంచీలు చేద్దామన్న సూచన మళ్లీ వచ్చింది. వద్దు. ఎండకు క్రియోసోట్ బయటికి కారి బట్టలకు, చర్మానికి అంటుతుంది.

కట్ట అడ్డుండటంతో ఊరి వాననీటికి కట్ట కింది తూములే (కల్వర్టులే) దిక్కు. పూడిక తీయించి, నది పోటు వెనక్కి తన్నకుండా నది వైపుకే తెరుచుకునే ఫ్లాప్ తలుపులు పెట్టించాం. వీటికి ఒక్క ప్లాస్టిక్ సీసా చాలు: తలుపు సందులో ఇరుక్కుంటే పూర్తిగా మూసుకోదు, నది నీళ్లు వీధుల్లోకి ఎక్కుతాయి. వానలకు ముందు, ప్రతి వరద తర్వాత చేత్తో ఎత్తి దించి చూడాలి.

బాట వెడల్పు 4 మీటర్లు, పక్కవాలు 2 శాతం. పాత కంకరను అలాగే పరిచి రోలర్ తిప్పితే బిగియదు. రాళ్లన్నీ ఇంచుమించు ఒకే సైజు, సందులు నింపే సన్నరకం లేదు. అందుకని 20 మి.మీ. నుంచి పొడి దాకా కలిసిన రాయిని 15 సెం.మీ. మందంగా, తడిపి రెండు పొరలుగా తొక్కించాం. వరద మట్టానికి దిగువన మాత్రం కాంక్రీటే. ఎక్కుడు దారులు 20కి 1 వాలులో (20 మీటర్ల దూరానికి 1 మీటరు ఎత్తు) ఉంటేనే చక్రాల కుర్చీ సులువుగా వెళ్తుంది. జాగా లేదని నిలువుగా కట్టమన్న ఒత్తిడికి తలొగ్గలేదు.

చెట్లు వచ్చే ఏడాది. కల్వర్టుల మీద, వాలు అంచున పెద్ద చెట్లు ఉండవు, గడ్డీ పొదలే. ఆలోగా కట్ట వెంట పూడ్చిన కేబుళ్ల జాడ తీయాలి. పట్టాలు తీసేసినా, వాటి పక్కన కేబుల్ వేసుకున్న సంస్థల హక్కులు అలాగే ఉండవచ్చు. ఆ ఒప్పందాల కాగితాలు సర్వసభ్య సమావేశం ముందు పెడతాం.