భూగోళశాస్త్ర పీహెచ్‌డీ: కోర్సువర్క్ తంతు కాకూడదు

సంపాదకుడికి,

భూగోళశాస్త్ర పీహెచ్‌డీలో పరిశోధనకు ముందు చేసే కోర్సువర్క్ అంటే పీజీ పాఠాలు మళ్లీ చదివి పరీక్ష రాయడమే అన్న ధోరణి పోవాలి. దాని నష్టం వెంటనే తెలియదు. సిద్ధాంత గ్రంథం రాసే వేళకు డజన్ల కొద్దీ పటాలుంటాయి, ప్రశ్న ఉండదు. ‘ఫలానా నదీ పరివాహక ప్రాంతంలో భూవినియోగం’ అన్నది అంశం మాత్రమే. ‘ఒకే వాన, ఒకే రకం నేల ఉన్న రెండు పక్కపక్క పరివాహకాల్లో ఒకచోటే సాగుభూమి ఎందుకు బీడు పడింది?’ అని అడిగితేనే పరిశోధన మొదలైనట్టు. అలాంటి ప్రశ్న, దానికి తగిన పద్ధతి, పదిహేను పేజీల ప్రతిపాదన చేతికి రావడమే కోర్సువర్క్ లక్ష్యం కావాలి.

ఇందుకు భూగోళ చింతన చరిత్ర ఒక పేపరుగా అందరికీ ఉండాలి. ప్రాంతాల వర్ణన నుంచి 1950లలో గణాంక పద్ధతులకు, 1970లలో వాటిపై వచ్చిన విమర్శలకు ఈ శాస్త్రం ఎందుకు మళ్లిందో తెలియని వారు తాము వాడే పద్ధతిని సమర్థించుకోలేరు.

అసలు లోటు పద్ధతుల పేపరులో ఉంది. పటాలనూ వాటి వెనకున్న సమాచారాన్నీ విశ్లేషించే జీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ నొక్కాలో నేర్పితే చాలదు. గణన విభాగాలను, అంటే జనాభా లెక్కల చిన్న ప్రాంతాలను, కలిపి పెద్దవి చేసేకొద్దీ అదే సమాచారంలో సహసంబంధ గుణకం (రెండు విషయాలు ఎంతగా కలిసి మారతాయో చెప్పే అంకె) పెరుగుతుందని పరిశోధకులు గెల్కీ, బీల్ 1934లోనే చూపారు. 1950లో సామాజిక శాస్త్రవేత్త రాబిన్సన్ మరో ప్రమాదం బయటపెట్టారు. అమెరికాలో విదేశాల్లో పుట్టినవారు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యత తక్కువగా కనిపించింది, వ్యక్తులవారీగా లెక్కిస్తే ఆ సంబంధం తిరగబడింది. జిల్లా సగటులతో కుటుంబాల గురించి తీర్పులు చెప్పే ప్రతి విద్యార్థీ ఈ రెండు ఫలితాలనూ స్వయంగా లెక్క వేసి చూడాలి.

ఉపగ్రహ చిత్రాల దగ్గరా ఇంతే. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రంలో 30 మీటర్ల పిక్సెల్ (చిత్రంలోని అతి చిన్న గడి) అంటే 900 చదరపు మీటర్లు. అంతకన్నా చిన్న కుంటలు తగ్గాయో పెరిగాయో దానితో తేల్చడం కుదరదు. అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లోనే విస్తీర్ణం లెక్కేయడం మరో తప్పు. భూమధ్యరేఖ దగ్గర సుమారు 111 కిలోమీటర్లుండే ఒక డిగ్రీ రేఖాంశం 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అందులో సగమే. ఇక వర్గీకరణ ఖచ్చితత్వం, అంటే ఏ పిక్సెల్ పొలమో, ఏది అడవో కంప్యూటర్ ఎంత సరిగ్గా గుర్తించిందన్నది. దగ్గరి చోట్లు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి కాబట్టి, కంప్యూటర్‌కు నేర్పడానికి వాడిన శిక్షణ పిక్సెల్ పక్కనున్న పిక్సెల్‌నే పరీక్షకు తీసుకుంటే ఉన్నదానికన్నా మంచి ఫలితం వస్తుంది. ప్రాంతాన్ని బ్లాకులుగా విడదీసి, కొన్నిటిని శిక్షణకు, మిగతావాటిని పరీక్షకు కేటాయించాలి.

ఇంటర్వ్యూలతో పనిచేసేవారికి ఇది వర్తించదనుకోవద్దు. ఎవరిని ఎంచుకున్నాం, ఎవరిని వదిలేశాం, మాటలను ఏ వర్గాల కింద చేర్చాం అన్నది రాతలో చూపాలి. పేర్లు తీసేసినా, ఇళ్ల జీపీఎస్ చుక్కలు పటంలో పెడితే మనుషులు దొరికిపోతారు. ఈ నైతిక సమస్య మన శాస్త్రంలో తరచూ ఎదురవుతుంది, దానికి ఒక తరగతి పూర్తిగా కేటాయించాలి.

అందరికీ అన్ని పద్ధతులూ అక్కర్లేదు. ఒకటి లోతుగా, మరొకటి ఇతరుల పనిని అంచనా వేయగలిగేంత వస్తే చాలు. క్షేత్ర పైలట్, అంటే అసలు సర్వేకు ముందు ఊళ్లలో చేసే చిన్న ప్రయోగం, మాత్రం తప్పనిసరి. ఇరవై ముప్పై కుటుంబాలతో ప్రశ్నావళిని పరీక్షిస్తే, గంట దాటాక జవాబులు ఎలా పొట్టివవుతాయో, పటంలోని ఊరి హద్దుకూ జనం చెప్పే హద్దుకూ తేడా ఎక్కడుందో అప్పుడే తెలుస్తుంది. అసలు సర్వే మధ్యలో తెలిస్తే సరిదిద్దుకునే వీలుండదు.

పాఠ్య ప్రణాళికా సంఘాలకు మా విన్నపం ఒక్కటే. చివరి మూడు గంటల పరీక్షను తీసేసి, దాని స్థానంలో సాహిత్య సమీక్ష, ఒక డేటా అభ్యాసం, పైలట్ నివేదిక, ప్రతిపాదనపై మౌఖిక పరీక్ష పెట్టండి. ఆ నాలుగూ నేరుగా సిద్ధాంత గ్రంథంలోకి వెళ్లే పనులే.

ఇట్లు,
భూగోళశాస్త్ర అధ్యాపకులు కొందరు