312 దగ్గర ఆగిన లెక్క

ఒరే లెక్కల మాస్టారూ,

ఉగాదికి రాస్తానన్న ఉత్తరం ఆషాఢంలో రాస్తున్నాను, క్షమించు. నీ రెండు ఉత్తరాలూ బల్ల సొరుగులోనే ఉన్నాయి. నువ్వు అడిగినవాటికి ముందు గబగబా జవాబులు: నాన్నగారి కంటి ఆపరేషన్ బాగా జరిగింది, పేపరు తనే చదువుకుంటున్నారు. అమ్మాయి పదో తరగతి మంచి మార్కులతో గట్టెక్కింది. ఇల్లు ఇంకా మారలేదు. అంతే. ఇక అసలు సంగతి. వారం రోజులుగా నా కడుపులో నిలవడం లేదు.

నవంబరులో మనం ఆఫ్రికా వెళుతున్నాం. నువ్వూ నేనూ. సింహాల కోసం కాదు, గబ్బిలాల కోసం.

కాగితం కింద పెట్టకు, పూర్తిగా చదువు. కిట్వేలో ఉద్యోగం చేస్తున్న మా పెద్ద బావగారు సెలవు మీద వచ్చి పోయిన వారం మా ఇంట్లో రెండు రోజులు ఉన్నారు. పన్నెండేళ్లుగా జాంబియాలో ఉంటున్నారు కదా, అక్కడ మీరు చూసినవాటిలో మరిచిపోలేనిది ఏది అని మాటవరుసకు అడిగాను. ఏనుగులు అంటారనో, విక్టోరియా జలపాతం అంటారనో అనుకున్నాను. "కసాంకా" అన్నారు. ఆ పేరు నేను ఎన్నడూ వినలేదు. బావగారు ఎంత తక్కువ మాట్లాడే మనిషో నీకు తెలుసు. ఆ రాత్రి కలిపిన పెరుగన్నం కంచంలోనే ఉండిపోయింది, చేయి ఎండిపోయింది, ఆయన చెబుతూనే ఉన్నారు.

కసాంకా జాంబియాలోని చిన్న జాతీయ పార్కుల్లో ఒకటి. సుమారు 400 చదరపు కిలోమీటర్లు ఉంటుంది. అందులో ఒక చిత్తడి అడవి, కొద్ది ఎకరాలు మాత్రమే. ఏటా అక్టోబరులో కాంగో వైపు నుంచి గడ్డిరంగు మెడలున్న గబ్బిలాలు ఆ కాస్త చోటికి వచ్చి దిగుతాయి. డిసెంబరు ముగిసేసరికి వెళ్లిపోతాయి. పగలంతా చెట్లకు గుత్తులు గుత్తులుగా వేలాడితే ఆ బరువుకు కొమ్మలు విరిగిపోతాయట. కింద నీళ్లలో మొసళ్లు, పైన గద్దలు కాచుకుని ఉంటాయట. చూడటానికి వచ్చినవాళ్ల కోసం పెద్ద చెట్ల మీద మంచెలు కట్టారు. బావగారు ఎక్కింది అలాంటి మంచెనే.

"ముందు వాసన వచ్చింది, పులిసిన పళ్ల వాసన" అన్నారు. తరవాత కీచుకీచుమని గోల, సంతలో జనం మాటల్లా. పొద్దు కుంకిన కాసేపటికి కొన్ని లేచి అడవి మీద చుట్టు తిరగడం మొదలుపెట్టాయి. ఆ చుట్టు పెద్దదవుతూ, నల్లబడుతూ పోయి, ఒక్కసారిగా అంచు తెగి నాలుగు దిక్కులకూ పారింది. దాదాపు అరగంట సేపు ఆకాశం ఖాళీ లేదట. పక్కన కూర్చున్న ముసలాయన ఎక్కడివాడో తెలియదు, బావగారి చేయి పట్టుకున్నాడట. ఇద్దరూ అలాగే ఉండిపోయారట. ఇది చెబుతూ బావగారు చేయి పైకెత్తి చూపించారు. పెరుగు మెతుకులు అంటిన ఆ చేతిని చూస్తుంటే నాకు ఏం గుర్తొచ్చిందో నీకు చెప్పాలా?

చెరువు గట్టు మర్రి. నీ జేబులో బలపం. అయిదేసి గీతలు. 312 దగ్గర మీ అమ్మగారి కేక.

ఆ చెట్టు కొట్టినప్పుడు మనం తొమ్మిదో తరగతి. రోడ్డు వెడల్పు చేస్తున్నారని చెప్పారు. పట్టపగలు లేచిపోయిన గబ్బిలాలు మర్నాడు తెల్లవారుజామున తిరిగి వచ్చి, చెట్టు లేని చోట చుట్టూ చుట్టూ తిరిగాయి. ఆ రోజు నువ్వు బలపం తీయలేదు. మనం దాని గురించి ఆ తరవాత ఎప్పుడూ మాట్లాడుకోలేదు, గమనించావా? ఎందుకో... సరే, అది ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం.

ఇక నీకోసం దాచిపెట్టిన సంగతి. కసాంకాకు కోటి గబ్బిలాలు వస్తాయని అందరూ అంటారు. బావగారు కూడా అదే చెప్పారు. నాకు నువ్వు గుర్తొచ్చి, ఎవరు లెక్కపెట్టారు అని వెతికాను. 2019 నవంబరులో పరిశోధకులు ఆ అడవి చుట్టూ కెమెరాలు పెట్టి, బయటికి వెళ్లే గబ్బిలాలను వీడియో తీసి, కంప్యూటరుతో లెక్కించారు. 7.5 లక్షలకూ 10 లక్షలకూ మధ్య తేలింది. కోటికి చాలా తక్కువ! నీ అయిదేసి గీతలనే వాళ్లు కెమెరాలతో గీశారు. చదువుతుంటే కుర్చీలో కూర్చోలేకపోయాను. ఇది నీకు చెప్పకుండా వారం ఎలా ఆగానో నాకే తెలియదు.

మన మర్రి మీద ఉండేవాటి కంటే ఇవి చిన్నవి. రెక్కలు చాపితే రెండున్నర అడుగులు. రాత్రికి పదుల కిలోమీటర్లు తిరిగి అడవి పళ్లు తిని, గింజలు దారి పొడవునా రాల్చి వస్తాయి. ఆ పళ్లలో నేరేడు జాతి కూడా ఉంది. నేరేడు, విన్నావా! మీ దొడ్లో చెట్టు కింద దుప్పటి పరిచి మనం... ఆ కథ ఇప్పుడు మొదలుపెడితే ఉత్తరం తెమలదు.

ఇక ప్రయాణం. మొదట నా దురాశ చెబుతాను. కసాంకాకు ఉత్తరాన బంగ్వెయులు చిత్తడి నేలలు ఉన్నాయి. నేలపట్టులో నువ్వు సంచి మామ అని పేరు పెట్టిన గూడబాతు గుర్తుందిగా? ఆయన దాయాది అక్కడ ఉంటాడు. షూబిల్ అంటారు, నాలుగడుగుల పక్షి, ముక్కు అచ్చంగా పెద్ద బూటు. నీళ్లలో గంటల తరబడి కదలకుండా నిలబడి చేపను పడుతుంది. చూడటానికి కొంగలా ఉన్నా గూడబాతులకే దగ్గర చుట్టమని జన్యు పరీక్షల్లో తేలింది. రెండూ ఒకే ప్రయాణంలో చూద్దామనుకున్నాను. కుదరదు. షూబిల్‌ను చూడాలంటే వరద తీసే మే నుంచి జులై వరకు మంచిది, గబ్బిలాలు నవంబరులో. పడమటి కొసన లియువా మైదానానికి విల్డబీస్టులనే పెద్ద జింకల మందలు వచ్చేదీ నవంబరులోనే, కానీ అది అంగోలా సరిహద్దు దగ్గర, దేశానికి ఆ చివర. మ్యాపు మీద స్కేలు పెట్టి మూడు రాత్రులు కొలిచాను. చివరికి గబ్బిలాలే అని తేల్చుకున్నాను. విక్టోరియా జలపాతం జాంబియా వైపు ఆ నెలలో దాదాపు ఎండిపోయి ఉంటుంది, దాని మీద బెంగ లేదు.

ముంబయి నుంచి అడిస్ అబాబా మీదుగా లుసాకా. అక్కడి నుంచి కపిరి మ్పోషి దాకా బస్సు. అక్కడ బావగారు తన బండితో ఎదురుచూస్తారు, సెరెంజె దాటి కసాంకా. లుసాకా నుంచి మొత్తం 500 కిలోమీటర్లకు పైనే. పార్కులో గుడారం వేసుకునే చోట్లు ఉన్నాయి, బసల ఖర్చు భరించలేం. నవంబరులో వానలు మొదలవుతాయి కాబట్టి గుడారం గట్టిది కావాలి. మలేరియా మాత్రలు తప్పనిసరి. నీ తిండి గురించి కూడా అడిగాను. మొక్కజొన్న పిండితో న్షిమా అని చేస్తారు, మన సంకటే. వేరుశనగ పొడి వేసి వండిన ఆకుకూర దానికి జోడీ. నువ్వు అక్కడే స్థిరపడతావేమో! నా చీటీ డబ్బు సెప్టెంబరులో చేతికి వస్తుంది, టికెట్లకు సరిపోతుంది. నీది తరవాత ఇద్దువు. వద్దని ఉత్తరం రాయకు.

సెలవు సంగతి నాకు తెలుసు. దసరాకు వెళితే తొందర, అవి అప్పుడప్పుడే వస్తుంటాయి. సంక్రాంతికి వెళితే కొమ్మలు ఖాళీ. నవంబరు మూడో వారం కావాలి. మీ హెడ్మాస్టరుగారిని ఇప్పుడే అడుగు, జీతం పోయినా పరవాలేదు. వచ్చే ఏడు చూద్దాం అంటావని భయంగా ఉంది. ఆ పార్కు అంచుల్లో పొలాల కోసం అడవి కొడుతున్నారు. నిప్పు ఆ చిత్తడి అడవిలోకి పాకితే మళ్లీ అలాంటి చోటు వాటికి దొరుకుతుందా? చెట్టు పోయాక వచ్చి తిరగడం మనం ఒకసారి చూశాం. ఈసారి చెట్టు ఉండగా చూడాలిరా.

పార్కుకు దగ్గర్లోనే చితంబో అనే చోటు ఉంది, 1873లో ఆఫ్రికా అంతా తిరిగిన అన్వేషకుడు లివింగ్‌స్టన్ చనిపోయింది అక్కడే. ఆయన గుండెను ఒక చెట్టు కింద పాతిపెట్టి, శరీరాన్ని సముద్రతీరం దాకా మోసుకెళ్లారు ఆయన వెంట ఉన్న ఆఫ్రికన్లు, చూమా, సూసీ. అది కూడా చూద్దాం, దాని గురించి నీకు ఇంకా చాలా

కారు వచ్చింది. బావగారు విమానం కోసం చెన్నై వెళుతున్నారు, దారిలో గూడూరులో ఆగి ఈ ఉత్తరం నీ చేతికే ఇస్తారు. ఆయనను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి ఆ మంచె సంగతి అడుగు, చెబుతారు. హారన్ కొడుతున్నారు. నీ పాస్‌పోర్టు గడువు ఎప్పటిదాకా ఉందో చూసి ఈ రాత్రికే ఫోను చెయ్యి. బలపం తెచ్చుకో.

నీ
పక్క బెంచీవాడు